మొత్తంలో పెట్టు

పోయిన గురువారం తెనాలి దగ్గర ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో రెండు గంటలు కూర్చున్నాను. ఫస్టియర్ పిల్లలకి పైథాన్ మొదలై రెండో వారం.

నా పక్కనున్న అమ్మాయి మార్కులు కూడుతోంది. పైథాన్ 3లో పేర్లు తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు, చాలామందికి తెలియని సౌకర్యం ఇది. తెలుగు = 72, లెక్కలు = 81 అని కొట్టి, కింద ఇలా రాసింది:

తెలుగు + లెక్కలు = మొత్తం

రన్ చేస్తే సింటాక్స్ ఎర్రర్. కూడికకి విలువ ఇవ్వడం కుదరదు, ఒక సమానం గుర్తుకు బదులు రెండు పెట్టాలనుకున్నావేమో అని పైథానే సలహా ఇచ్చింది. పాపం, నమ్మి రెండు పెట్టింది. ఈసారి ఇంకో ఎర్రర్: 'మొత్తం' అనే పేరే లేదట. రెండు గుర్తులు పెడితే అది 'సమానమేనా?' అనే ప్రశ్న. లేని మొత్తంతో దేన్ని పోల్చాలి?

"ఇంటర్ దాకా ఇలాగే రాశాం కదా మేడమ్!" అంది, ల్యాబ్‌లో పాఠం చెబుతున్న మేడమ్‌తో.

ఆ పిల్ల మాటలో న్యాయం ఉంది. పన్నెండేళ్లు లెక్క ఎడమన, జవాబు కుడిన రాసిన చెయ్యి అది. 1557లో రాబర్ట్ రికార్డ్ ఈ గుర్తు తెచ్చింది రెండు వైపులా సమానమని చెప్పడానికి. 1957లో వచ్చిన ప్రోగ్రామింగ్ భాష ఫోర్‌ట్రాన్ దాన్నే విలువ దాచే పనికి వాడింది. ఆల్గాల్ 60 కోలన్ చేర్చి తేడా చూపింది గానీ, సి, పైథాన్ ఫోర్‌ట్రాన్ దారే పట్టాయి. సి అయితే ఇఫ్ షరతులో పొరపాటున ఒకే గుర్తు పెట్టినా ఎర్రర్ లేకుండా సాగిపోతుంది. అక్కడే ఆపి చెప్పే పైథాన్ నయం.

మేడమ్ కోప్పడలేదు. "ఈక్వల్ టు అనకమ్మా, 'లో పెట్టు' అని చదువు. నువ్వు రాసినదాన్ని చదివితే ఏమవుతుంది?"

"తెలుగు ప్లస్ లెక్కలులో పెట్టు... కూడికలో ఎలా పెడతాం మేడమ్?"

తనే చెరిపి తిరగరాసింది: మొత్తం = తెలుగు + లెక్కలు. ప్రింట్ చేస్తే 153. ముందు కుడివైపు లెక్క తేలుతుంది, తర్వాత ఎడమనున్న పేరులోకి చేరుతుంది. ఎక్స్ = ఎక్స్ + 1 కూడా ఇలా చదివితే వింతగా ఉండదు: ఎక్స్‌లో ఉన్నదానికి ఒకటి కలిపి మళ్లీ ఎక్స్‌లోనే పెట్టు.

ప్రోగ్రామింగ్ చెప్పే మాస్టార్లూ, మేడమ్‌లూ, మొదటి రోజే పిల్లల చేత ఆ గుర్తుని తెలుగులో చదివించండి.