పతకపుటంచు

"సైనికుని సంఖ్య తెలియజేయనిచో వెదకుట సాధ్యము కాదు" అని ఒక కార్యాలయమువారు వ్రాసిన ప్రత్యుత్తరము చదివినది మొదలు నా మనస్సు మనస్సులో లేదు. మా తాతగారి పేరు, ఇంటిపేరు, తండ్రిపేరు, ఊరు, తాలూకా, మొదటి ప్రపంచయుద్ధమున మెసపొటేమియాకు ఓడనెక్కిన 1916వ సంవత్సరము సమస్తమును విన్నవించితిని; సంఖ్య లేనిదే అవియేవియు అక్కరకు రావట! గోదావరి మండలమున వెంకటస్వాములు వేలకొలది. గుమాస్తా చెవికి సోకినట్లు పేరు దించి, ఇంటిపేరు ఎగురగొట్టినాక మనిషిని గుర్తించుటెట్లు?

పంజాబు సిపాయిలు 3 లక్షలకు పైబడినవారి పట్టికలు గ్రామవారీగా లాహోరు మ్యూజియములో నిలిచియున్నవని 2021లో లోకమునకు వెల్లడియైనప్పుడు సంతోషముతోపాటు అసూయయు కలిగినది. మిలిటరీ మాధవరమని పేరుకెక్కిన గ్రామముగల మన పశ్చిమ గోదావరి జిల్లాకు ఆ భాగ్యమేల పట్టరాదు? బస్రా స్మారకమునందు అసువులు బాసిన భారతీయ సిపాయిల పేరులైనను చెక్కక, దళమునకింతమందియని లెక్కవేసి విడిచిరి; బ్రతికివచ్చినవారిని తలచువారెవరు?

అందుచేతనే పతకములయెడ నాకింత మమకారము. బ్రిటిష్ వార్ మెడల్ అను వెండిబిళ్ళకు ఒకవైపు అయిదవ జార్జి శిరస్సు, మరొకవైపు గుఱ్ఱమెక్కిన నగ్నపురుషుడు. చూచువారందరును ఆ రెండువైపులే చూచి పెట్టెలో వేయుదురు. చూడవలసినది అంచు. భూతద్దము పట్టి బిళ్ళను మెల్లగా త్రిప్పినచో, గోరు మోపిన తగులునంతటి సన్నని అక్షరములలో సంఖ్య, హోదా, పేరు, దళము వరుసగా కానవచ్చును. ఏ కార్యాలయము నశించినను ఆ అంచు సాక్ష్యము చెప్పును.

మా ఇంటి బిళ్ళ కంసాలి మూసలో కరగిపోయినది. మేనత్త పెండ్లికి కాలికడియములకు వెండి చాలక నాయనమ్మ దానిని తీసియిచ్చినది. ఆమెపై నాకు కోపము లేదు. తూచిన ఆ కంసాలిపైననే కినుక. రెండున్నర తులములకు పైబడిన వెండిని కుంపటిలో పెట్టుటకు ముందు, ఆంగ్లము రాకున్నను, అంచుపై నున్నది చూచి కాగితమున దించియిచ్చిన వాని సొమ్మేమి పోవును?