వెడ్-నెస్-డే

టీచర్ ట్రైనింగు చదివేటప్పుడు ఒకనాడు బోర్డు మీది తేదీ పైకి చదవమన్నారు. నేను ‘వెడ్‌నెస్‌డే’ అన్నాను. క్లాసంతా నవ్వింది. వెనక బెంచీలోంచి ‘ఎరుకలోనికి ఇంగ్లీషు గూడానా’ అన్న మాటా వినబడింది. చదువు అయిపోయేదాకా మళ్లీ క్లాసులో ఇంగ్లీషు పైకి చదవలేదు. నవ్విన వాళ్లకు తెలియనిది ఏమంటే, ఆ మాటను నేను తప్పు లేకుండా రాయగలను. మా ఇంట్లో కుర్రు బాస, బడిలో తెలుగు, ఆ పైన ఇంగ్లీషు. ముక్కలు చేసుకుంటే తప్ప నాకు ఏ మాటా గుర్తుండేది కాదు.

ఇప్పుడు చంద్రగిరిలో పిల్లలకు ఆ ముక్కలే నేర్పుతున్నా. గడ్డం కింద చెయ్యి పెట్టుకోమంటాను. మాట పలికేటప్పుడు గడ్డం ఎన్నిసార్లు దిగితే అన్ని సిలబుల్స్. విండోకు రెండు. స్కూల్‌కు ఒక్కటే; మావాళ్లు ‘ఇస్కూలు’ అని మూడు చేస్తారు. కోటలో రాజమహల్ మ్యూజియం చూడబోయినప్పుడు ‘ఆర్కియలాజికల్’ అనే మాట చూసి జడుసుకున్నారు. ఆర్-కి-య-లా-జి-కల్. ఆరే! కోట ముందర ఆరు చప్పట్లు కొట్టినారు.

తెలుగు రాత ఇక్కడ కొంచెం తికమక పెడుతుంది. పెన్సిల్ అని రాస్తే ‘న్సి’ ఒకే అక్షరం. నాలుక మాత్రం ‘పెన్’ దగ్గర ఆగి ‘సిల్’ అంటుంది. పద్యానికి గణాలు కట్టేటప్పుడు సంయుక్తాక్షరం ముందున్నది గురువు అవుతుందని చదువుకున్నాం కదా, అదీ ఇదే లెక్క. ముందరి ముక్క ఆ హల్లును పట్టుకుంటుంది.

స్పెల్లింగుకూ ఇది పనికొస్తుంది. డిన్నర్‌లో రెండు ఎన్‌లు ఎందుకంటే డిన్-నర్. మొదటి ముక్క హల్లుతో మూసుకుంది, లోపలి ఐ పొట్టిగా పలుకుతుంది. ఒక ఎన్ మింగేస్తే డై-నర్, అంటే తినేవాడు. భోజనం పోయి మనిషి మిగులుతాడు. అన్ని మాటలూ ఈ లెక్కకు లొంగవు, అదీ పిల్లలకు చెప్పేస్తాను.

మా కాలనీ పాప ఒకటి ఉంది. అమ్మానాయన బుట్టలు అమ్ముకుంటూ ఊర్లు తిరుగుతారు, పాప అవ్వ దగ్గర ఉంటుంది. బడి తెరిచినప్పటి నుంచి ఇంగ్లీషు క్లాసులో నోరు తెరవలేదు. బుధవారం మాట చెప్పిన రోజు తెరిచింది. రాయడానికి మూడు ముక్కలు, వెడ్-నెస్-డే. పలకడానికి రెండే, వెన్జ్-డే అన్నాను. పాతకాలం ఇంగ్లీషువాళ్లకు అది వోడెన్ దేవుడి రోజు. నోరు ఆ డీని వదిలేసింది, రాత వదల్లేదు.

‘అయితే మూడు ముక్కలు అనేది తప్పు కాదా సార్?’

నాకు జవాబు చెప్పడానికి కొంచెం సేపు పట్టింది. ‘రాసేటప్పుడు కాదమ్మా’ అన్నాను.

పోయిన బుధవారం తేదీ ఆ పాపే రాసింది. రాసేటప్పుడు పెదాలు మూడుసార్లు కదిలినాయి. తర్వాత మా వైపు తిరిగి, రెండు ముక్కల్లో, గట్టిగా చదివింది.