జున్ను, కాటుక, ఒక ఖర్చుల పుస్తకం

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం ఖాయమైన రోజున ఆమె జీతం, ఇంటి అద్దె, టికెట్ అన్నీ లెక్కేసుకుంది. పిల్లుల లెక్క మాత్రం వేయలేదు. జున్నుకూ కాటుకకూ ఏటా రేబిస్ టీకా వేయించిన కార్డులు బీరువాలో భద్రంగా ఉన్నాయి కాబట్టి వెంట తీసుకెళ్లొచ్చనుకుంది. ప్రయాణానికి మూడు వారాల ముందు పశువైద్యుడు ఆ కార్డులు తిరగేసి, “చిప్ ఏదమ్మా?” అని అడిగాడు.

ఐరోపా సమాఖ్యలోకి వచ్చే పిల్లికి ముందు చర్మం కింద మైక్రోచిప్ ఉండాలి, టీకా ఆ తర్వాతే పడాలి. చిప్ లేనప్పుడు వేసిన టీకా ఎన్నేళ్లు వేయించినా లెక్కలోకి రాదు. మన దేశం నుంచి వెళ్లే పిల్లులకు ఇంకో మెట్టు కూడా ఉంది. టీకా పడ్డాక కనీసం 30 రోజులు ఆగి రక్తం తీయించాలి. సమాఖ్య ఆమోదించిన ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే యాంటీబాడీలు మిల్లీలీటరుకు 0.5 యూనిట్లకు తగ్గకూడదు. ఆపైన రక్తం తీసిన తేదీ నుంచి మూడు నెలలు ఆగాలి. ఎంత తొందరపడినా ఇదంతా నాలుగు నెలల పని.

ఏడాది ముందే చిప్ వేయించి ఉంటే పెద్ద ఖర్చయ్యేది కాదు, పిల్లులు ఆమెతోనే విమానం ఎక్కేవి. 2024 ఏప్రిల్‌లో ఆమె ఒక్కతే వెళ్లింది. వెళ్లే ముందు రెండింటికీ చిప్పులు, కొత్త టీకాలు వేయించి హనుమకొండలో అమ్మ దగ్గర వదిలింది. పుస్తకంలో మొదటి పద్దు అదే: 7,000 రూపాయలు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇల్లు వెతుకుతున్నప్పుడు తెలుసుకున్న రెండు విషయాలు ఆ వేసవిలో ఆమెను ఆదుకున్నాయి. అద్దె ఇంట్లో కుక్కలు, పిల్లులు అసలే ఉండకూడదని ఒప్పందంలో గుండుగుత్తగా రాసిన నిబంధన చెల్లదని జర్మనీ అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2013లో తీర్పు ఇచ్చింది. అయినా ఆమె ఇంటి యజమాని దగ్గర రెండు పిల్లులకు రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకుంది. రెండోది డిపాజిట్ సంగతి. హీటింగ్ వంటి ఖర్చులు కలపని అద్దెకు మూడు రెట్లు మించి డిపాజిట్ అడగడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు, దాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు కూడా ఇస్తుంది. ఆమె అలాగే కట్టింది. చేతిలో మిగిలిన డబ్బుతో మేలో రక్తపరీక్షలు చేయించింది, రెండింటికీ కలిపి 38,000.

“గింతగనం పైసలు పిల్లులకా బిడ్డా? నాకాడ ఉండనియ్యి,” అంది అమ్మ ఫోన్లో.

ఆ మాటకు ఆమె కోపం తెచ్చుకోలేదు. అమ్మ జీవితమంతా పైసా పైసా కూడబెట్టిన మనిషి. కానీ జున్నును వర్షంలో డ్రైనేజీ పైపులోంచి తీసి ఇంటికి తెచ్చుకున్నది తనే. తీసుకొచ్చిన ప్రాణానికి పూచీ కూడా తనదే, దేశం మారినంత మాత్రాన అది తీరదు.

జూలైలో ఒక ఏజెంటు కార్గోలో పంపడానికి రెండింటికీ 3,40,000 చెప్పాడు. ఆ సొమ్ములో రక్తపరీక్షలు లేవు. పైగా యజమాని ప్రయాణానికీ పిల్లుల ప్రయాణానికీ మధ్య ఐదు రోజులకు మించి తేడా ఉంటే వాటిని సొంత పెంపుడు జంతువులుగా చూడరు, వాణిజ్య దిగుమతి నిబంధనలు పడతాయి. అంటే ఎంత పోసినా తను రాక తప్పదు. అలాంటప్పుడు తనే వచ్చి క్యాబిన్లో వెంట పెట్టుకుని వెళ్లడం మేలనిపించింది. ఆ ఏడాది జనవరిలోనే హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా నేరుగా విమానం మొదలుపెట్టింది. రెండో బుట్టకు ఇంకో మనిషి కావాలి. పిన్ని కొడుకు ఎమ్మెస్ చదువుకు అక్టోబరు సెమిస్టర్‌కి జర్మనీ వస్తున్నాడు. “కాటుకను నేను పట్టుకుంటా అక్కా,” అన్నాడు.

చిక్కంతా జున్ను బరువుతో వచ్చింది. బుట్టతో కలిపి 8 కిలోలు దాటకూడదు. అమ్మ జున్నును ఎత్తుకుని బరువు మిషన్ ఎక్కింది, దింపేసి మళ్లీ ఒక్కతే ఎక్కింది, తేడా తీసి చెప్పింది: ఆరు కిలోల తొమ్మిది వందలు. కొన్న బుట్ట కిలోన్నర ఉంది. దాన్ని వాపసు ఇచ్చి తొమ్మిది వందల గ్రాముల గుడ్డ బుట్ట తెస్తే 7.8కి సరిపోయింది.

సెప్టెంబరు చివరలో ఆమె హనుమకొండ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు కాటుక మంచం కిందికి దూరింది. జున్ను చెప్పుల దగ్గర నుంచి సంచీ దాకా అన్నీ వాసన చూసింది, ఆమెను తప్ప. ఐదు నెలల తర్వాత కలిస్తే ఇలా ఉంటుందని ఆమె అనుకోలేదు. ఆ రాత్రి కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి కాటుక ఆమె కాళ్ల మీద పడుకుని ఉంది.

శంషాబాద్‌లో సెక్యూరిటీ దగ్గర బుట్టలోంచి బయటికి తీయమన్నారు. జున్ను గోళ్లు ఆమె భుజంలో దిగాయి, గుండె ఆమె గుండెకు ఆనుకుని దడదడా కొట్టుకుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎర్ర దారిలో వెళ్లి కస్టమ్స్‌కు కాగితాలు చూపించారు. అధికారి చిప్ రీడరు పిల్లుల మెడ మీద ఆనించి పదిహేను అంకెలూ కాగితంతో పోల్చి చూసుకున్నాడు.

ఆ రోజు ఆమె పద్దు ముగించింది. ఇంతకు ముందు రాసిన 45,000కు తోడు తన రానుపోను టికెట్ 68,000, రెండు బుట్టల క్యాబిన్ రుసుము 18,000, బుట్టలూ ఆరోగ్య ధ్రువపత్రాలూ 12,000, ఐదు నెలల మేత, ఇసుక 30,000. మొత్తం 1,73,000. ఇందులో టికెట్, మేత కలిపి 98,000 కేవలం చిప్ ఆలస్యమైనందుకు అయిన ఖర్చే. ఆ అంకె కింద ఆమె రెండు గీతలు గీసింది.

ఇప్పుడు నెలకు 40 యూరోలు వేరే ఖాతాలో వేస్తోంది. జర్మనీలో పిల్లికి పన్ను లేదు, కుక్కలకు ఉంటుంది. వైద్యం మాత్రం ఖరీదే. 2022 నవంబరులో మారిన రుసుముల పట్టికలో పిల్లి సాధారణ పరీక్షకు 23.62 యూరోలు కనీస ధర, దాన్ని మూడు రెట్ల దాకా వేయొచ్చు, పన్ను అదనం. రాత్రివేళ అత్యవసరంగా తీసుకెళ్తే మరో 50 యూరోలు. రేబిస్ టీకా గడువు దాటనివ్వకపోతే ఆ రక్తపరీక్ష ఎప్పటికీ చెల్లుతుంది కాబట్టి టీకా తేదీలు వంటింటి క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో ఉన్నాయి.

హనుమకొండలో రెండు స్టీలు గిన్నెలూ వంటింటి గూట్లో అలాగే ఉన్నాయట. మొన్న వీడియో కాల్‌లో అమ్మ అడిగింది: “నేనొకపారి వచ్చి చూసి పోతనే, ఎంతయితది?” పుస్తకంలో కొత్త పేజీ మొదలైంది. మొదటి పద్దు, షెంగెన్ వీసా: 90 యూరోలు.