గెలిచిన రాత్రి పోట్లాట

పాకిస్తాన్ మీద మనవాళ్లు 4-0తో గెలిచిన రాత్రి మా ఇంట్లో పెద్ద పోట్లాట జరిగింది. ఓడిన రోజు పోట్లాడుకునే ఇళ్లు చాలానే ఉంటాయి. గెలిచిన రోజు పోట్లాడుకున్న ఇల్లు మాదొక్కటే అనుకుంటాను.

అది 2023 జూన్ 21, బుధవారం. బెంగళూరు కంఠీరవ స్టేడియంలో శాఫ్ ఛాంపియన్‌షిప్ ఫుట్‌బాల్ ఆ రోజే మొదలైంది. మా పెద్దోడు అప్పటికి బెంగళూరులో ఇంజినీరింగ్ రెండో ఏడాది. వారం ముందే టికెట్ కొనుక్కున్నాడు. ఇక్కడ ఇంట్లో మా మరిది ఫోన్లోంచి మ్యాచ్‌ని టీవీకి ఎక్కించాడు. నేను చెనిక్కాయలు వేయించి, బొరుగుల్లో ఉల్లిపాయ, టమాటా, కారం కలిపి పెద్ద బేసిన్‌లో తెచ్చి మధ్యలో పెట్టాను. మామయ్యకు ఫుట్‌బాల్ మీద పెద్ద ఆసక్తి లేదు. మృగశిర కార్తె వెళ్లిపోతోంది, చేలో ఇంకా విత్తనం పడలేదు. టీవీలో కంఠీరవ మైదానం మీద జోరున వాన పడుతుంటే ఆయన ఆటగాళ్లను వదిలేసి ఆ వాననే చూస్తూ కూర్చున్నారు. "ఆడ రాయి మింద, గడ్డి మింద పడతాది. మనకు మాత్రం రాదు" అన్నారు ఒకసారి.

మా చిన్నది అప్పుడు తొమ్మిదో తరగతి. ఇంట్లో నిజంగా ఫుట్‌బాల్ ఆడే మనిషి అదొక్కతే. మా అనంతపురంలో ఆడపిల్ల బూట్లు కట్టుకుని మైదానానికి పోవడం మరీ వింతేం కాదు. స్పెయిన్ నుంచి వచ్చి 1969లో ఇక్కడ పని మొదలుపెట్టిన విన్సెంట్ ఫెర్రర్‌ని ఈ జిల్లాలో తెలియనివాళ్లుండరు. ఆయన పెట్టిన ఆర్డీటీ వాళ్ల మైదానాల్లో పల్లెల పిల్లలు, ఆడపిల్లలతో సహా, ఫుట్‌బాల్, హాకీ, క్రికెట్ ఆడతారు. మాది కూడా అక్కడే ఆరో తరగతిలో మొదలుపెట్టింది. మిడ్‌ఫీల్డ్‌లో ఆడుతుంది. ఆ మాటకు అర్థం నేను చాలా రోజులకు గానీ తెలుసుకోలేదు.

అది కూడా అన్నతో బెంగళూరు పోతానంది. నన్నే ముందు అడిగింది. నేను "మీ నాయన్ని అడుగు" అన్నాను. ఆయన "రాత్రి మ్యాచి, ఆడపిల్ల, ఆ జనంలో ఏంటికి?" అన్నారు. అంతటితో అయిపోయింది. ఆయన ఆ మాటే అంటారని నాకు ముందే తెలుసు. తెలిసే అటు పంపించాను.

సరే, మ్యాచ్ సంగతి. పదో నిమిషంలో సునీల్ ఛెత్రి మొదటి గోల్, పదహారో నిమిషంలో పెనాల్టీ మీద రెండోది. రెండో సగంలో ఇంకో పెనాల్టీతో హ్యాట్రిక్, ఆఖర్న ఉదాంతా సింగ్ నాలుగోది. ఆ మూడింటితో ఛెత్రి దేశం తరఫున కొట్టినవి 90 అయ్యాయి. మా మరిది ఎగిరి గంతులేశాడు. "మన సికింద్రాబాద్‌లో పుట్టినోడు వదినా! 2005లో మొదటి గోల్ కొట్టింది కూడా వాళ్ల దేశం పోయి, క్వెట్టాలోనే!" అని నాకు పాఠం చెప్పాడు. మా ఆయన సోఫా చేతుల మీద దరువేశారు. పెద్దోడు స్టేడియం నుంచే వీడియో కాల్ చేశాడు. గొంతు పోయి మాట రావడం లేదు, ఒంటి మీద చొక్కా తడిసి ముద్దయింది.

అప్పుడు చిన్నది నోరు తెరిచింది.

"నాలుగు గోల్స్‌లో రెండు పెనాల్టీలు. ఒకటి వాళ్ల గోల్‌కీపర్ కాళ్ల దగ్గర బంతి జార్చుకున్నందుకు వచ్చింది. మనం ఆడి తెచ్చుకున్న గోల్ ఒక్కటే, ఉదాంతాది."

మా మరిది మొహం ఎర్రబడింది. "పాకిస్తాన్ మింద గెలిచినప్పుడు కూడా తప్పులు ఎంచుతారా ఎవురన్నా?"

"గెలిచినప్పుడే ఎంచాల చిన్నాయనా. ఓడిపోయినప్పుడు ఎంచితే ఏడుపే కదా మిగిలేది."

అది ఊరికే పెడసరంగా మాట్లాడలేదు. బేసిన్‌లోంచి చెనిక్కాయలు తీసి, స్టీలు పళ్లెం మీద పదకొండు పెట్టింది. ముందు మంచి చెప్పింది. వాళ్ల గోల్‌కీపర్ తప్పు చేసింది నిజమే గానీ, ఛెత్రి అంత వేగంగా మీదికి పరుగెత్తకపోతే ఆ తప్పు జరిగేది కాదు. బంతి వాళ్ల దగ్గరున్నప్పుడు కూడా మనవాళ్లు ఊరికే నిలబడలేదు, అది బలం. వెనక వరసలో సందేశ్ ఝింగన్, అన్వర్ అలీ గట్టిగా నిలబడ్డారు, ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు, అది బలం. నాలుగో గోల్‌కి అన్వర్ అలీ వెనక నుంచి అంత పొడుగు పాస్ ఇచ్చాడే, అదీ అసలైన ఫుట్‌బాల్ అంది.

తర్వాత బలహీనతలు. అవతలివాళ్లకు వీసాలు ఆలస్యమై మ్యాచ్ రోజే బెంగళూరులో దిగారు. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవాళ్లు సాయంత్రం ఆడారు. ర్యాంకుల్లో మనం 101, వాళ్లు 195. ఆ జట్టు మీద గెలుపుని కొలబద్దగా పెట్టుకోకూడదు. మన కోచ్ స్టిమాచ్ అవతలివాడు త్రో వేయబోతుంటే చేతిలోంచి బంతి లాగేసి రెడ్ కార్డు తెచ్చుకున్నాడు. రెండు గోల్స్ ఆధిక్యంలో ఉండి ఆ కోపం ఏంటికి? ఆఖరికి పళ్లెం మీద ఒక్క చెనిక్కాయను వేలితో ముందుకు జరిపింది.

"అన్నిటికన్నా ఇది. ఛెత్రికి ఆగస్టు వస్తే 39. ఇప్పటికీ గోల్ కావాలంటే ఆయప్పే కొట్టాల. ఆయన పోయినాక ఎవరు కొడతారు?"

ఇక మొదలైంది. మరిది దేశభక్తి దాకా పోయాడు. మా ఆయన "చిన్నపిల్లవి, ఊరికే చూడు" అన్నారు. పెద్దోడు ఫోన్లోంచే "నువ్వు టీవీలో చూసి చెప్తాండావు, నేను ఆడనే ఉన్నా" అన్నాడు. ఆ మాటకు చిన్నది గబుక్కున లేచి నిలబడింది. "నేను కూడా ఆడనే ఉండాల్సింది" అంది. అందరూ ఒక్క క్షణం నోరు మూసుకున్నారు. నేను బేసిన్‌లో బొరుగులు కలియబెడుతూ కూర్చున్నాను.

ఎవరూ ఊహించని చోటి నుంచి దానికి వత్తాసు వచ్చింది. మామయ్య గొంతు సవరించుకుని, "పాప చెప్పేది నిజమే కదప్పా" అన్నారు. "ఒక్క బోరును నమ్ముకోని చీనీ తోట పెట్టినాము మనం. నీళ్లు బాగా వచ్చినన్నాళ్లు ఇంగో బోరు ఏంటికని అంటిమి. ఆ బోరు ఎండినాక ఏమాయ? కాపుకొచ్చిన చెట్లు కొట్టేసి కట్టెలకు అమ్మితిమి."

ఆ తోట సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. నేను కాపురానికి వచ్చిన ఆరో ఏట కొట్టేశారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా కష్టమ్మీద పడే జిల్లా ఇది. చీనీ చెట్టు కాపుకు రావడానికి అయిదారేళ్లు పడుతుంది, ఎండిపోవడానికి ఒక్క వేసవి చాలు. మామయ్య ఆ మాట అన్నాక మరిది ఇంకేం మాట్లాడలేదు. టీవీ కట్టేశారు.

వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే చిన్నది వచ్చి పక్కన నిలబడింది. కోపం లేదు గొంతులో, అదే నాకు కష్టమనిపించింది. "మా, నువ్వు అడిగింటే నాయన పంపించేవాడు. నువ్వు అడగలేదు" అంది. అని, ఆ పళ్లెంలోని పదకొండు చెనిక్కాయలు బేసిన్‌లో పోసి వెళ్లి పడుకుంది.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్ల సంసారంలో నా ఆట ఎట్లా ఆడానో మొదటిసారి చూసుకున్నాను. నా బలాలేవో నాకు తెలుసు. వెనక వరసలో గట్టిగానే నిలబడ్డాను. అత్తయ్య జబ్బు, తోట అప్పు, పిల్లల చదువులు, దేనికీ వెనక్కి తగ్గలేదు. కానీ బంతి నా కాళ్ల దగ్గరికి వచ్చిన ప్రతిసారీ వెంటనే ఆయనకు తోసేశాను. ఆయన కాదంటే తప్పు ఆయనది, ఔనంటే మంచిది. నా మీద ఏదీ పడదు. ఆడపిల్ల విషయంలో మరీనూ. ఆయన్ని కాపలాదారుగా నిలబెట్టి, నేను వెనక దాక్కున్నాను. పిల్ల అది కనిపెట్టింది. ఆటలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూడడమే కదా దానికి నేర్పింది.

తర్వాతి రోజుల్లో దాని మాటలు ఒక్కొక్కటే నిజమవుతూ వచ్చాయి. జూన్ 27న కువైట్‌తో గెలవాల్సిన మ్యాచ్ ఆఖరి నిమిషాల్లో మనవాడి కాలికే తగిలి లోపలికి పోయిన గోల్‌తో 1-1 అయింది. కోచ్‌కి మళ్లీ రెడ్ కార్డు. సెమీఫైనల్లో లెబనాన్ మీద ఒక్క గోల్ కూడా రాలేదు, పెనాల్టీల్లో గట్టెక్కాం. ఫైనల్ మళ్లీ కువైట్‌తోనే, జూలై 4న, మంగళవారం.

ఆదివారం రాత్రి భోజనాల దగ్గర మా ఆయనతో, "నేనూ చిన్నదీ మంగళవారం బెంగళూరు పోతాము, ఫైనల్ చూడడానికి. రాత్రికి యలహంకలో మా పెదనాన్న కూతురింట్లో పండుకోని పొద్దున్నే వస్తాము" అన్నాను.

ఆయన సంగటి ముద్ద పళ్లెంలోనే ఆపి, "అడుగుతాండావా, చెప్తాండావా?" అన్నారు.

"చెప్తాండా."

చిన్నది తల ఎత్తలేదు. దాని చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆయన కాసేపు ఊరుకుని, "పెద్దోన్ని బస్టాండుకు రమ్మను" అన్నారు. అంతే. ఇన్నేళ్లుగా నేను భయపడింది ఈ అయిదు నిమిషాలకా అనిపించింది. అన్నిసార్లూ అంత తేలిగ్గా తెగదని తర్వాత తెలిసింది గానీ, ఆ రోజుకి అది చాలు.

స్టేడియంలో నేను ఆట చూసింది సగమే. అంత జనంలో నా కళ్లు దాని మీదే ఉన్నాయి. మొదట కువైట్ గోల్ కొట్టింది. ముప్పై ఎనిమిదో నిమిషంలో ఛాంగ్టే సమం చేశాడు. చిన్నది నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఛెత్రి కాదు మా, ఛాంగ్టే!" అని అరిచింది. ఛెత్రి ఇచ్చిన బంతి సహల్‌కి పోయి, అక్కడి నుంచి ఛాంగ్టేకి చేరిందట. దాని ఆనందమంతా అందులోనే ఉంది. జనమంతా కలిసి వందేమాతరం పాడుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. పెనాల్టీల్లో గుర్‌ప్రీత్ ఆఖరిది ఆపగానే పెద్దోడు చెల్లెల్ని ఎత్తి గిరగిరా తిప్పాడు. దిగాక అది చెప్పిన మొదటి మాట, "మళ్లీ పెనాల్టీలే."

2024 జూన్ 6న కోల్‌కతాలో ఛెత్రి వీడ్కోలు మ్యాచ్ ఆడాడు. కువైట్‌తోనే, 0-0. అయిదు రోజులకు ఖతార్ చేతిలో ఓడి ప్రపంచకప్ అర్హత పోటీల నుంచి బయటికొచ్చాం. 2025 మార్చిలో, నలభై ఏళ్ల వయసులో ఆయన్నే మళ్లీ జట్టులోకి పిలిచారు. ఆ వార్త చదివి మామయ్య "చూస్తిరా, ఇంగో బోరు వేయలేదు" అన్నారు.

మా ఇంట్లోనూ పోరు అయిపోలేదు. పది పాసయ్యాక, "ఇంటర్‌లో ఆటలేంటికి, చదువు చూసుకోనీ" అన్నారు మా ఆయన. ఈసారి అయిదు నిమిషాల్లో తెగలేదు, మూడు వారాలు పట్టింది. మాటలు లేని రోజులు కూడా ఉన్నాయి. నేను బంతి ఆయనకు తోయలేదు. చివరికి పొద్దున అయిదున్నరకు మైదానం, తొమ్మిదికి కాలేజీ అని ఒప్పుకున్నారు. మార్కులు తగ్గితే ఆపేయాలన్నది ఆయన షరతు. న్యాయమైనదే. స్కూటీ మీద దింపి వచ్చేది నేను.

2025 జూలై 5 సాయంత్రం చియాంగ్ మాయ్‌లో మన ఆడపిల్లలు థాయ్‌లాండ్ మీద 2-1తో గెలిచి, 2026 ఆసియా కప్‌కి అర్హత సాధించారు. అర్హత పోటీలు ఆడి గెలిచి పోవడం మనకు ఇదే మొదటిసారి. అప్పటికి వాళ్ల ర్యాంకు 46, మనది 70. రెండు గోల్సూ సంగీతా బస్‌ఫోర్ కొట్టింది. ఆ జట్టులో నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా నుంచి వచ్చిన మన గుగులోతు సౌమ్య కూడా ఉంది. ఆమె ఫొటో మా చిన్నదాని అలమారా తలుపు లోపల అంటించి ఉంటుంది.

ఈసారి ఎవరూ గంతులేయలేదు. గెలవగానే మా మరిది తానే లేచి పోయి స్టీలు పళ్లెం, గుప్పెడు చెనిక్కాయలు తెచ్చి చిన్నదాని ముందు పెట్టాడు. "చెప్పు మా, యాడ తప్పు చేసినాము?" అన్నాడు. మా ఆయన కళ్లద్దాలు సరిచేసుకుని ముందుకు జరిగారు.

"రెండో సగం మొదలయిన రెండు నిమిషాలకే గోల్ ఇచ్చినాము, చూసినారా?" అంటూ అది చెనిక్కాయలు పేర్చడం మొదలుపెట్టింది. పదే ఉన్నాయి, ఒకటి తగ్గింది. నా చేతిలో ఉన్నది తీసుకుని మధ్యలో పెట్టింది.