గాలి లేస్తే లైను ఆగే ఊళ్లో గ్రిడ్

గుంటూరు నుంచి నంద్యాల వైపు వెళ్లే రైలు దొనకొండ దాటాక పచ్చదనం పలచబడుతుంది. మార్కాపురం రోడ్ స్టేషన్లో దిగేసరికి ఎండ నడినెత్తి మీదుంది. ఈ నేల కింది నీటి లెక్క కట్టడానికి ఈ నేల మీదికే రావడం నాకు చాలా ముఖ్యమనిపించింది.

నా పీహెచ్‌డీ గ్రిడ్ కంప్యూటింగ్ మీద. ఎక్కడెక్కడో ఉన్న కంప్యూటర్లను కలిపి ఒకే పెద్ద లెక్క చేయించడం. జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగాల సమాచారాన్ని నలభై దాకా దేశాల్లోని కేంద్రాలు పంచుకుంటాయి. మన దేశంలో సీ-డాక్ వాళ్ల గరుడ గ్రిడ్ హైదరాబాద్‌తో సహా 17 నగరాలను కలిపింది. అవన్నీ మంచి నెట్, ఆగని కరెంటు ఉన్న చోట్లు. ఆ రెండూ లేనిచోట ఏం చేయాలన్నదే నా ప్రశ్న.

మార్కాపురం చుట్టుపక్కల బోరునీళ్లలో ఫ్లోరైడ్ సంగతి తెలియనిది కాదు. అది ఎటు చేరుతుందో తెలియాలంటే ముందు నీటి కదలిక తెలియాలి. భూమిలో నీరు ఎటు కదులుతుందో లెక్కగట్టే మాడ్‌ఫ్లో ప్రోగ్రాంను అమెరికా జియలాజికల్ సర్వే 1984లో విడుదల చేసింది. ఇక్కడి రాతిలోంచి నీరు ఎంత సులువుగా పారుతుందో కచ్చితంగా చెప్పలేం కాబట్టి ఆ విలువలు మారుస్తూ దాన్ని వేలసార్లు నడపాలి. ఒకసారి నడిపినదానికీ ఇంకోసారికీ సంబంధం లేదు. అందుకే ఈ పని పంచిపెట్టడం తేలిక. సాయంత్రం అయిదయ్యాక ఇక్కడి కాలేజీ ల్యాబులో కంప్యూటర్లన్నీ ఖాళీ. ఖాళీ మిషన్లను వెతికి పని అప్పగించే కాండర్ అనే సాఫ్ట్‌వేర్ 1980లలోనే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. నేను వాడుతున్నదీ దాన్నే.

చీకటి పడ్డాక కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. ల్యాబు అసిస్టెంటు లేచి తలుపు తీసి బయటికి చూశాడు.

"గాలి లేచింది సార్. ఇంక లైను తీసేస్తారు."

"ఎలా తెలుసన్నా?"

"ఇన్నేళ్లుగా చూడ్డంలా? గాలి తగ్గిందాకా రాదు."

కాసేపటికి ఫ్యాన్లు ఆగాయి, యూపీఎస్‌లు కూతపెట్టాయి.

మధ్యలో పోయిన పని మళ్లీ మొదటికి రాకుండా ఎక్కడిదాకా వచ్చిందో దాచుకోవడాన్ని చెక్‌పాయింట్ అంటాం. ఎంతసేపటికోసారి దాచాలో 1974లో జాన్ యంగ్ ఒక సూత్రం ఇచ్చాడు. సగటున రెండు గంటలకోసారి ఆగే మిషన్, దాచడానికి ఒక నిమిషం తీసుకుంటే, సుమారు పదిహేను నిమిషాలకోసారి దాచాలి. అయితే ఆ సూత్రం ప్రకారం మిషన్ ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలియదు. ఇక్కడ అసిస్టెంటుకు తెలుసు!

మర్నాడు ఊళ్లో రాతి పలకలు చేసే షెడ్డుకు వెళ్లాను. ఒక పెద్దావిడ రాయిని నిలబెట్టి, అంచున ఉలి ఆనించి సుత్తితో మెల్లగా తట్టింది. సన్నటి గీత పడింది. ఇంకో రెండు దెబ్బలకు పొర విడిపోయి చేతిలోకొచ్చింది. పక్కన కోత మిషన్ ఊరకే ఉంది.

"కరెంటుంటే కోత, లేకుంటే చీల్చేది. చెయ్యి ఖాళీగా పెట్టుకుంటామా నాయనా?" అంది.

ఏ లెక్క ఎప్పుడు నడపాలో నిర్ణయించే నా షెడ్యూలర్ చేయాల్సింది సరిగ్గా ఇదే. గాలి వేళల్లో చిన్న లెక్కలు, గాలి లేని తెల్లవారుజామున పెద్దవి. యంగ్ సూత్రానికి ఊరివాళ్ల అనుభవాన్ని జోడించే పరిశోధన జరగాలని నాకు గట్టిగా అనిపిస్తోంది.

బస్సులో కంభం మీదుగా గిద్దలూరు చేరాను. గిద్దలూరు ల్యాబులో నెట్ నెమ్మది. ఫలితాలన్నీ పంపకుండా, బావులున్న చోట్ల నీటిమట్టాలు మాత్రమే పంపేలా ప్రోగ్రాం మార్చాను. అది సరిపోయింది. తేలనిది ఇంకోటి: మార్కాపురం చెక్‌పాయింట్లను గిద్దలూరులో దాస్తే, ఒకే గాలికి రెండు ఊళ్లలోనూ కరెంటు పోతుందా? పోతే అంత దూరం పంపి లాభం లేదు. రెండు ల్యాబుల్లోనూ కరెంటు పోయిన వేళ, వచ్చిన వేళ రాయడానికి రిజిస్టర్లు పెట్టించాను. వానాకాలం దాటేదాకా రాస్తామన్నారు.