కీ ఇచ్చే వాచీ

హోసూరు పేరు చెప్పగానే బయటి ఊళ్ళవాళ్ళకు రెండు గుర్తుకొస్తాయి. ఒకటి గులాబీలు, రెండోది గడియారాలు. గులాబీల సంగతి మరోసారి. 1984లో టాటాలూ, తమిళనాడు ప్రభుత్వ పరిశ్రమాభివృద్ధి సంస్థా కలిసి టైటాన్ కంపెనీ పెట్టి మా ఊళ్ళో ఫ్యాక్టరీ కట్టించాక, చుట్టుపక్కల పల్లెల్లోని తెలుగు, కన్నడ, తమిళ ఇళ్ళ పిల్లలు ఎందరో అక్కడ పనికి చేరారు. అక్కడ తయారయ్యేవి చాలా మటుకు సెల్లుతో నడిచే క్వార్ట్జ్ వాచీలు. అలాంటి ఊళ్ళో కాపురముంటూ నేను మాత్రం రోజూ పొద్దున కీ ఇచ్చుకునే పాత హెచ్ఎంటి వాచీ కట్టుకుంటాను. చెరువు గట్టున ఇల్లు పెట్టుకుని బావి తవ్వించుకున్నట్టుంది నీ పని అని మావాళ్ళు ఎగతాళి చేస్తారు.

అందరికన్నా గట్టిగా వాదించేది మా అక్క కూతురు. గడియారాల పనిలో ఇరవై ఏళ్ళు కళ్ళు అరగదీసుకున్న మనిషి. ఆమె మాటను తేలిగ్గా తీసెయ్యడానికి లేదు.

"మామా, నీ వాచీ దినానికి అర నిమిషం తప్పుతాది. మేము చేసేది నెలంతా చూసినా పదైదు సెకండ్లు దాటదు. నీకు దీంట్లో ఏముండాదని ఇంత మోజు?" అంటుంది.

లెక్క ఆమె చెప్పినట్టే ఉంది. రోజుకు 86,400 సెకండ్లు. అందులో 30 తప్పితే, పదివేల రూపాయల పద్దులో మూడున్నర రూపాయలు తేడా వచ్చినట్టు. ఆమె చేసిన వాచీలోనైతే పది లక్షల రూపాయల పద్దులో ఆరు రూపాయలు కూడా తేడా రాదు. రెంటికీ పోలికే లేదు. పైగా చవక. కూలిపనికి పోయే మనిషి కూడా సరైన టైము చేతికి కట్టుకోగలిగాడంటే అది క్వార్ట్జ్ పుణ్యమే. ఈ మాట నేను ఎక్కడైనా ఒప్పుకుంటాను.

మరి ఎందుకీ పట్టుదల? ఆ జవాబు చెప్పాలంటే రెండు వాచీల కడుపులూ విప్పి చూపించాలి.

క్వార్ట్జ్ వాచీలో చిన్న స్ఫటికపు ముక్క ఒకటి ఉంటుంది. సెల్లులోని కరెంటు తగిలితే అది సెకండుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను సర్క్యూట్ సగం, అందులో సగం, మళ్ళీ సగం చేసుకుంటూ పోయి, పదిహేనోసారికి ఒకటి మిగుల్చుకుంటుంది. ఆ ఒక్క దెబ్బకు చిన్న మోటారు కదిలి ముల్లును ఒక అడుగు ముందుకు వేయిస్తుంది. అందుకే దాని సెకండ్ల ముల్లు ఆగి ఆగి నడుస్తుంది. తెలివైన ఏర్పాటే. కానీ తెలివంతా గోరంత సర్క్యూట్‌లో ఉంటుంది. దాన్ని విప్పి చూస్తే కంటికి ఏమీ తెలియదు. చెడిందో, లోపలి మెషీన్ మొత్తం తీసి కొత్తది పెడతారు. అదే చవక కూడా.

కీ వాచీ అట్లా కాదు. కీ తిప్పితే లోపలి స్ప్రింగు చుట్టుకుంటుంది. చుట్టుకున్నది విప్పుకోవాలని చూస్తుంది. ఆ బలాన్ని పళ్ళచక్రాలు ఒకదాన్నుంచి ఒకటి అందుకుంటాయి. అంతా ఒక్కసారిగా జారిపోకుండా ఒక బుల్లి కొక్కెం ఒక్కొక్క పన్నునే ఆపుతూ, వదులుతూ ఉంటుంది. ఆ కొక్కేనికి తాళం వేసేది అటూ ఇటూ ఊగే బాలెన్స్ చక్రం. దాన్ని ఊగించేది వెంట్రుకంత సన్నటి మరో స్ప్రింగు. మా ఊరి రిపేరు షాపుల్లో దాన్ని బాల్ కమాని అంటారు. బాలెన్స్ చక్రానికి ఇట్లాంటి స్ప్రింగు తగిలించిన వాచీని 1675లో హాలండు శాస్త్రవేత్త హైగెన్స్ లోకానికి చూపించాడు. నా వాచీలో ఆ చక్రం సెకండుకు అయిదు దెబ్బలు, రోజుకు 4,32,000 దెబ్బలు వేస్తుంది. చెవి దగ్గర పెట్టుకుంటే వినవచ్చు. వెనక మూత తీస్తే చూడవచ్చు. దాచుకున్నది ఏమీ లేదు.

చక్రం పక్కనే ఒక చిన్న మీట ఉంటుంది. వాచీ వెనకబడితే దాన్ని ఇటు, ముందుకు పరుగెత్తితే అటు, సూది మొన అంత జరపాలి. నాకు ఈ వాచీలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే. దీన్ని చేసినవాడు ఇది తప్పదని ఎవరికీ హామీ ఇవ్వలేదు. తప్పినప్పుడు దిద్దుకోవడానికి ఒక మీట పెట్టి మన చేతికి ఇచ్చాడు.

నా చేతికున్నది మా నాన్నగారి వాచీ. ఆయన హోసూరు పక్కపల్లెలో తెలుగు బడి అయివారు. ఆ రోజుల్లో హెచ్ఎంటి వాచీ సంపాదించడం చిన్న పని కాదు. 1961లో జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో ఆ ఫ్యాక్టరీ పెట్టారు. ఎన్ని చేసినా కావలసిన వాళ్ళు అంతకన్నా ఎక్కువగా ఉండేవారు. జనతా, పైలట్, జవాన్, సోనా అని పేర్లు. నాన్నగారిది జనతా. తెల్లటి ముఖం, సన్నటి ముళ్ళు, 17 రాళ్ళు. రాళ్ళంటే నగలవి కాదు. ఇరుసులు అరిగిపోకుండా పెట్టే కృత్రిమ కెంపులు.

ఆయన రోజూ పొద్దున రేడియో దగ్గర వాచీ పట్టుకుని కూర్చునేవారు. వార్తలకు ముందు ఆకాశవాణి పిప్ పిప్ అనగానే ముల్లు సరిచేసి, కీ ఇచ్చి, అప్పుడు కట్టుకునేవారు. తరువాత తెలుగు వార్తలు వినేవారు. బడి గంట ఆ వాచీని చూసే కొట్టించేవారు. వాచీ రోజుకు అర నిమిషం తప్పుతుందని ఆయనకు తెలుసు. తెలుసు కాబట్టే రోజూ సరిచూసుకునేవారు. తప్పని వాచీ కట్టుకున్నవాళ్ళు సెల్లు అయిపోయేదాకా దాని ముఖం సరిగా చూడరు. ఒకనాడు అది ఎక్కడో ఆగిపోయి ఉంటుంది. బస్సు వెళ్ళిపోయాక సంగతి తెలుస్తుంది.

ఇప్పుడు మా పిల్లల చేతులకు ఉన్నవి ఇంకో రకం. నడకలు లెక్కపెడతాయి, నిద్ర లెక్కపెడతాయి. వాటిలో చాలా వాటికి రోజూ రాత్రి కరెంటు పెట్టాలి. కీ ఇవ్వడం పాతకాలపు చాదస్తమని నవ్విన ఇంట్లోనే ఇప్పుడు పడుకోబోయే ముందు ప్లగ్గు కోసం పోటీ. నా కీకి అర నిమిషం చాలు. నిండా ఇస్తే ఒకటిన్నర రోజు నడుస్తుంది.

కానీ ఎగతాళితో పోయేది కాదు ఈ సంగతి. కీ వాచీల కాలం అయిపోయిందన్నది నిజం. 1969 డిసెంబరు 25న జపానులో సైకో కంపెనీ మొదటి క్వార్ట్జ్ చేతి గడియారం అమ్మకానికి పెట్టింది. ధర నాలుగున్నర లక్షల యెన్లు. కొద్ది ఏళ్ళలోనే ధరలు పడిపోయాయి. 1970 ప్రాంతంలో స్విట్జర్లాండు గడియారాల పనిలో సుమారు 90 వేల మంది ఉంటే, 1980ల నడుమకు 30 వేల పైచిలుకు మాత్రమే మిగిలారు. మన దగ్గర 2016లో కేంద్ర ప్రభుత్వం హెచ్ఎంటి వాచీల కంపెనీని మూసేయడానికి నిర్ణయించింది. ఇప్పుడు నా వాచీకి చక్రం విరిగితే, మూలపడిన మరో జనతాను వెతికి అందులోంచి తీసి వేయాల్సిందే.

విడిభాగాలైనా పాత పెట్టెల్లో దొరుకుతాయి. దొరకనివి చేతులు. మా బజారులో ఒకప్పుడు అరుగుమీద అద్దాల పెట్టె పెట్టుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చునే వాళ్ళు నలుగురైదుగురు ఉండేవారు. ఇప్పుడు ఉన్న షాపుల్లో సెల్లు మారుస్తారు, పట్టీ మారుస్తారు. మూత తీసి కీ వాచీ కనబడితే "ఇది కాదు సార్" అని తిరిగి చేతిలో పెడతారు.

మిగిలింది ఒక్క పెద్దాయన. నాన్నగారి కాలం నుంచీ ఈ వాచీ ఆయన చేతిమీదే ఉంది. ఆమధ్య అది రోజుకు పది నిమిషాలు వెనకబడుతుంటే పట్టుకుపోయాను. ఆయన చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. నూనె గడ్డకట్టిందన్నాడు. తరువాత వాచీని బల్లమీద పెట్టి, తన చెయ్యి చాచి చూపించాడు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి.

"అయివారి వాచీ. నేను తాకితే బాల్ కమాని పోతాది. ఇంగ నా చేత కాదు. మా మనవడు విప్పనీ. నేను పక్కన కూర్చుంటా" అన్నాడు.

మనవడికి ఇరవై ఏళ్ళుంటాయి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బజారులో కన్నడం. ఆ షాపులో సెల్లులు మార్చేది అతనే. కీ వాచీని అప్పటిదాకా రెండు మూడు చెడిపోయిన వాటిమీదే నేర్చుకున్నాడట. నడిచే వాచీ విప్పడం ఇదే మొదలు.

నేను వెంటనే సరే అనలేదు. నాన్నగారిది నాకు మిగిలిన వస్తువు అదొక్కటే. బాల్ కమాని ఒకసారి మెలిక పడితే సరిచేయడం పెద్ద పనివాళ్ళకే కష్టం. ఒక స్క్రూ ఎగిరి నేలమీద పడితే వెతికినా దొరకదు. తీసుకుపోయి బీరువాలో పెట్టుకుంటే వాచీ భద్రంగా ఉంటుంది. కానీ నడవదు. ఈ కుర్రాడికి పట్టుపడకపోతే, రేపు ఈ ఊళ్ళో ఏ కీ వాచీకీ దిక్కుండదు. కాసేపు నిలబడి ఆలోచించి, "విప్పు అబ్బీ" అన్నాను. స్టూలు లాక్కుని నేనూ కూర్చున్నాను.

"ముందు కమాను బిగువు వదులు. బిగువు ఉండంగా విప్పితే పండ్లు ఇరుగుతాయి" అన్నాడు పెద్దాయన. కుర్రాడు కీ పట్టుకుని స్ప్రింగును మెల్లగా విప్పుకోనిచ్చాడు. తరువాత బాలెన్స్ చక్రాన్ని పట్టకారుతో ఎత్తాడు. కింద బాల్ కమాని వేలాడుతూ సాగింది. ముగ్గురమూ ఊపిరి బిగబట్టాము. దాన్ని గాజు మూత కింద పెట్టాక పెద్దాయన "ఊఁ" అన్నాడు. అది మెచ్చుకోలని నాకు అర్థమైంది. చక్రాలు ఒక్కొక్కటీ వరసగా బయటికి వచ్చాయి. దేని తరువాత ఏది, ఏది ఎందుకు, అన్నీ పెద్దాయన నోటితో చెబుతున్నాడు, కుర్రాడి చెయ్యి చేస్తున్నది. పుస్తకం లేదు. ఉన్నా అది ఇంగ్లీషులో ఉండేది. చెప్పింది మాత్రం మన హోసూరు తెలుగులో.

నాకు మా అక్క కూతురికి చెప్పవలసిన జవాబు అక్కడ దొరికింది. సర్క్యూట్ గొప్పదే. కానీ దాన్ని చెయ్యడం ఇట్లా ఒక తాత ఒక మనవడికి బల్లమీద నేర్పగలిగేది కాదు. దానికి ఫ్యాక్టరీ కావాలి. ఫ్యాక్టరీ ఉన్నన్నాళ్ళే అది ఉంటుంది. బెంగుళూరు ఫ్యాక్టరీ మూతపడినా అక్కడ చేసిన వాచీ నడుస్తున్నదంటే, దాని పని మనిషి కంటికి కనబడేది, చేతికి అందేది కాబట్టి. మనలాగా సొంత రాష్ట్రం బయట ఉండి, ఇంటిమాటను ఇంట్లోనే నేర్పుకుంటూ వస్తున్నవాళ్ళకు ఈ సంగతి వేరే విడమరిచి చెప్పనక్కరలేదు.

కడిగి, రాళ్ళమీద చుక్కచుక్క నూనె వేసి, మూడోరోజు వాచీ చేతికిచ్చాడు. నడిచింది. కానీ రోజుకు రెండు నిమిషాలు ముందుకు పరుగెత్తింది. "అట్లే కట్టుకో, దినమూ ఎంత తప్పేది రాసుకో" అన్నాడు పెద్దాయన. రోజూ సాయంత్రం షాపుకు పోయాను. కుర్రాడు మీటను అణువంత జరపడం, మర్నాడు నేను లెక్క చెప్పడం. ఒకరోజు ఎక్కువ జరిగి వెనకబడింది కూడా. అయిదో రోజుకు తేడా ఇరవై సెకండ్లకు వచ్చింది.

"చాలు. ఇంగ మీట జోలికి పోవద్దు" అని పెద్దాయన ఆపించాడు. కుర్రాడు నా దగ్గర డబ్బు తీసుకోవడానికి మొహమాటపడితే, "తీసుకో, పని చేసినావు" అని తాతే తీసుకోమన్నాడు.

షోలాపూరులోనో, బరంపురంలోనో, యానాంలోనో ఈ నాలుగు మాటలు చదువుతున్న మీ ఇంట్లో కూడా పెట్టె అడుగున పెద్దల కీ వాచీ ఒకటి ఉండే ఉంటుంది. ఏళ్ళ తరబడి కదలని దానికి గబగబా కీ తిప్పకండి. నూనె ఎండిపోయి ఉంటుంది, లోపల అరిగిపోతుంది. మీ ఊళ్ళో ఇంకా భూతద్దం పెట్టుకుని కూర్చునే మనిషి ఎవరైనా మిగిలారేమో వెతికి ఆయన దగ్గరికి తీసుకుపోండి. ఆయన పక్కన స్టూలుమీద ఒక కుర్రాడు కూర్చుని ఉంటే, వాచీ అతని చేతికివ్వండి.