దుప్పుల తోపులో ఉక్కు గోళీ

షికాగో వెళ్ళినవారు మిచిగాన్ సరస్సూ, ఆకాశాన్నంటే మేడలూ, 1893లో వివేకానందులవారు ఉపన్యసించిన చోటూ చూసి వస్తారు. విమానాశ్రయం పక్కనున్న ఎల్క్ గ్రోవ్ విలేజికి పనిగట్టుకొని వెళ్ళేవారు అరుదు. ఎల్క్ అంటే గుర్రమంతేసి దుప్పి. ఊరి పక్క అడవిలో, కంచె వెనకాల, దుప్పుల మంద ఒకటి ఉంది. 1925లో మొదట తెచ్చి అక్కడ పెట్టారట. కంచెకు ఇవతల గిడ్డంగులు, కార్ఖానాలు బారులు తీరి ఉన్నవి. పిన్‌బాల్ యంత్రాలకు ఇప్పుడు ఆ ఊరే పుట్టినిల్లు.

చెక్కపలక మీద మేకులు కొట్టి, స్ప్రింగుతో గోళీని తోసి ఆడుకొనే బగటెల్ బోర్డు మన ఇళ్ళల్లో చాలామందికి తెలిసిందే. దానికి కరెంటూ, దీపాలూ, గంటలూ, నాలుగు కాళ్ళూ తగిలిస్తే పిన్‌బాల్ అవుతుంది. ఆ స్ప్రింగు పద్ధతికి 1871లోనే సిన్సినాటిలో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ పేటెంటు పొందాడు. 1931లో షికాగోలో డేవిడ్ గాట్లీబ్ 'బాఫుల్ బాల్' అనే ఆట తెచ్చాడు. పనులు దొరకని గడ్డురోజులవి. ఒక్క సెంటుతో కాసేపు కష్టం మరిచిపోవచ్చుగదా అని జనం ఎగబడ్డారు. 1999లో విలియమ్స్ సంస్థ ఈ తయారీ మానుకొన్నాక, కొన్నేళ్ళపాటు పెద్ద ఎత్తున చేసినది స్టెర్న్ కంపెనీ ఒక్కటే. అది 2015లో ఎల్క్ గ్రోవ్ చేరింది. న్యూజెర్సీలో పుట్టిన జెర్సీ జాక్ కంపెనీ కూడా తరవాత ఇక్కడికే వచ్చింది.

మా మేనల్లుడు ఆ చుట్టుపక్కలే ఉద్యోగం చేస్తున్నాడు. కొత్త యంత్రం ఒకటి ఇంటికి కొనాలని వాడి పట్టుదల. మా బావగారు ససేమిరా అన్నారు.

"డబ్బు వేసి గోళీ వదలటాన్ని జూదం అనక ఏమంటారోయ్, బావా?" అని నన్ను మధ్యవర్తిని చేశారు.

ఆయన మాట తీసివేయదగినది కాదు. న్యూయార్కు మేయరు లాగార్డియా 1942లో సరిగ్గా ఆ మాటే అని, యంత్రాలను పట్టించి సుత్తులతో పగలగొట్టించాడు. వీటిని తయారుచేసి దేశమంతటికీ పంపిన షికాగో సైతం దశాబ్దాలపాటు తన ఊళ్ళో ఆడనివ్వలేదు. అప్పట్లో గోళీ ఎటు పోతే అటే అదృష్టం. 1947లో 'హంప్టీ డంప్టీ' అనే యంత్రానికి చిన్న తెడ్లవంటి ఫ్లిప్పర్లు అమర్చారు. దానితో జారిపోయే గోళీని తిప్పికొట్టడం ఆటగాడి చేతికి వచ్చింది. 1976లో రోజర్ షార్ప్ న్యూయార్కు నగరసభవారి ఎదుట ఆడి, ఇది నేర్పుతో కూడిన ఆట అని చూపించాక అక్కడ నిషేధం తొలగింది.

బావగారు అంతా విని, "నేర్పు సరే, ధర ఎంత?" అన్నారు.

సాధారణంగా డీలరు దగ్గర కొనాలి. ఒకే ఆటకు సాధారణంగా మూడు తరగతులు. స్టెర్న్‌వారి 'ప్రో' సుమారు ఏడువేల డాలర్లు. 'ప్రీమియం' దానికి రెండున్నర, మూడువేలు ఎక్కువ. లెక్కపెట్టి చేసే 'లిమిటెడ్ ఎడిషన్' ఇంకా పైన. ఆ మూడువేలతో గోళీ అదనంగా ఏం చేస్తుందని కోడలు డీలరును నిలదీసింది. యంత్ర విశేషాలు, బొమ్మలు ఎక్కువ, ఆట మట్టుకు చాలావరకు అదే అన్నాడతను. 'ప్రో' ఖాయమైంది. పాతది చవకగదా అంటే, పాతదానికి టంకం పెట్టడం తెలిసిన మనిషి ఇంట్లో ఉండాలి.

కొనబోయేవారు ముందు మెట్లు కొలుచుకోవాలి. యంత్రం బరువు నూటపది కిలోల పైమాటే. తల భాగం మడిచిన పెట్టెను నేలమాళిగలోకి దించటానికి ముగ్గురం చెమటలు కక్కాం. కాళ్ళు బిగించి, పక్కలు సమంగా చూసుకొని, పలక ఆరున్నర డిగ్రీల వాలు ఉండేటట్టు సరిచేశారు. కొత్తదైనంత మాత్రాన చాకిరీ తప్పదు. అద్దం తీసి పలక తుడవాలి, అరిగిన రబ్బరు చుట్లు మార్చాలి, గీతలు పడ్డ గోళీలు తీసేయాలి.

చలికాలంలో మంచు పడితే ఆ ఊళ్ళో గడప దాటలేం. అంతకుముందు ఆ ఇంట్లో సాయంత్రమైతే మనిషికో గది, గదికో తెర. బావగారు మాత్రం కిటికీ దగ్గర. ఈ యంత్రం దగ్గర నలుగురు ఆడవచ్చును గాని, వంతులవారీగానే ఆడాలి. తన వంతు వచ్చేదాకా నిలబడి అవతలివాడి ఆట చూడక తప్పదు. ఆ నిలబడటమే ఏడువేల డాలర్ల సరుకని నాకు తోచింది.

మూడో రోజున బావగారూ ఫ్లిప్పరు మీద చెయ్యి వేశారు. కోపం వచ్చి పెట్టెను ఒక్క ఊపు ఊపారు. లోపల వేలాడే గుండు కడియానికి తగిలి, 'టిల్ట్' అని దీపాలన్నీ ఆరిపోయినవి.

"తాతయ్యా, కోపగిస్తే ఆట పోతుంది!" అని మనమరాలు పకపకా నవ్వింది.

ఇంటికి కొన్నా యంత్రానికి నాణేల తలుపు ఉండనే ఉంటుంది. ఊరికే ఆడుకొనేటట్టు లోపల మార్చుకోవచ్చు. మావాడు అలాగే మార్చాడు. ఉచితం కావటంతో పిల్ల ఆట సగంలో వదిలేసి మళ్ళీ మొదలుపెట్టడం నేర్చింది. బావగారు ఒప్పుకోలేదు. ఆటకు పావు డాలరు చొప్పున వెయ్యాలనీ, పెట్టె తాళం తన దగ్గర ఉండాలనీ, ఆ డబ్బు రబ్బర్లకూ గోళీలకూ అనీ శాసించారు.

"మరి ఇది జూదం కాదా, బావా?" అన్నాను.

"పోయిన డబ్బు ఇంట్లోనే ఉంటే జూదం ఎలా అవుతుందోయ్?" అని ఆయన తన వంతు పావు డాలరు వేశారు.